పాత ఫియట్ సోలెక్స్‌ను బాగు చేయించాలా, మారుతి కార్బ్యురేటర్ బిగించాలా?

బెజవాడఫియట్
మా నాన్నగారి 1970 ఫియట్ 1100 డిలైట్, 1089 సీసీ. ఎనిమిదేళ్లు షెడ్డులో పడి ఉండి పోయిన సంక్రాంతికి బయటికి వచ్చింది. పొద్దున చోక్ లాగితే వెంటనే అందుకుంటుంది. బెంజి సర్కిల్ దాకా హాయిగా వెళ్తుంది. అక్కడ ఆగామా, ఇంజను కాసేపు ఎగిరి కాసేపు ముక్కి చివరికి చల్లబడుతుంది. ట్యాంకు కడిగించాను. ప్లగ్గులు, పాయింట్లు కొత్తవి. సోలెక్స్‌కు, అంటే గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే దాని కార్బ్యురేటర్‌కు, రెండుసార్లు మరమ్మతు కిట్ వేయించాను, నెల తిరక్కుండానే మళ్లీ మొదటికి వచ్చింది. ఒక మెకానిక్ మూడోసారి కిట్ వేద్దామంటున్నాడు. ఇంకో ఆయన దాన్ని తీసి పారేసి మారుతి 800ది బిగించుకోమంటున్నాడు. ఏది మేలు?

పాతఇనుము
రెండో ఆయన మాటే నాదీ. ఆరేళ్లుగా నా పద్మిని (మీ ఫియట్‌కే తర్వాత వచ్చిన పేరు) మారుతి కార్బ్యురేటర్‌తోనే తిరుగుతోంది. మధ్యలోకి ఒక అల్యూమినియం పలక కోయించాలి, యాక్సిలరేటర్ తీగను కాస్త సర్దాలి, ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను నెమ్మదిగా తిరగడం) సోలినాయిడ్‌కు, అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వుకు, ఇగ్నిషన్ నుంచి ఒక వైరు లాగాలి. అంతే పని. ఒంగోలులో ఆగినా ఖమ్మంలో ఆగినా దాన్ని విప్పగలిగిన కుర్రాడు దొరుకుతాడు. సోలెక్స్ చూపిస్తే తాతగారి గోడ గడియారాన్ని చూసినట్టు చూస్తున్నారు. పైగా ముంబైలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో ముగిశాయి. ఇక మనకు సామాను ఎక్కడి నుంచి వస్తుంది?

లేతుపని
బెజవాడ గారూ, రోగం ఒకటైతే మీరు వేసిన మందు ఇంకొకటి. కిట్‌లో ఉండేవి గ్యాస్కెట్లు, పంపు డయాఫ్రమ్, నీడిల్ వాల్వ్. అవి మారిస్తే పెట్రోలు కారడం ఆగుతుంది, తొక్కినప్పుడు తడబాటు తగ్గుతుంది. ఐడిలింగ్ నిలవకపోవడానికి కారణం చాలాసార్లు థ్రాటిల్ షాఫ్టు దగ్గర ఉంటుంది, దాన్ని ఏ కిట్టూ ముట్టుకోదు.

కార్బ్యురేటర్ కింది భాగంలో అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది, దానికే సీతాకోకచిలుక రెక్కలాంటి బిళ్ల బిగించి ఉంటుంది. ఇంజను ఆపి, ఆ కడ్డీ చివరను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. తిరగాలి, ఊగకూడదు. 50 ఏళ్లు ఒకే పక్కకు లాగిన స్ప్రింగు వల్ల గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది. బండి పరుగులో ఉన్నప్పుడు అది లెక్కలోకి రాదు, ఆగినప్పుడు మాత్రం లోపలికి పోయే కాస్త గాలిలో అదే పెద్ద వాటా. మెకానిక్ ఏం చేస్తాడు? ఐడిల్ స్క్రూ బిగించి, మిశ్రమం స్క్రూ విప్పి తంటాలు పడతాడు. నెల తిరిగేసరికి మళ్లీ అదే కథ.

మందు లేతు మీద ఉంది. కార్బ్యురేటర్ ఒంట్లోని ఆ రంధ్రాన్ని పెద్దది చేసి, గన్‌మెటల్ బుష్ (చిన్న గొట్టం ముక్క) వేసి, షాఫ్టు కొలతకు సరిపోయేలా లోపల రీమర్ అనే పనిముట్టు ఆడించాలి. రెండు వైపుల బుష్‌లూ ఒకే గీతలో లేకపోతే బిళ్ల ఇరుక్కుని యాక్సిలరేటర్ తిరిగి రాదు, అది ప్రాణాంతకం. ఇంకొకటి: బిళ్లను పట్టుకునే రెండు చిన్న స్క్రూలు. విప్పిన పాతవాటినే మళ్లీ బిగించి ఊరుకోకండి. కొత్తవి వేసి, వెనక కొసలు కొట్టించి వెడల్పు చేయించండి. ఊడితే నేరుగా సిలిండర్‌లోకే పోతాయి.

మూలరూపం
నా మాట కటువుగా ఉండవచ్చు. మారుతి ముక్క తగిలించిన ఫియట్ నా దృష్టిలో ఫియట్ కాదు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజనుకు కొలిచిన జెట్లు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలు) 1089 సీసీ, నాలుగు సిలిండర్లకు ఎలా సరిపోతాయి? చివరికి డ్రిల్లు పెట్టి పెద్దవి చేసుకుంటారు. పైగా 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన బండి మూలరూపంలోనే ఉండాలంటున్నాయి. కార్బ్యురేటర్ మారిస్తే ఆ రిజిస్ట్రేషన్ దక్కదు.

పాతఇనుము
జెట్ల సంగతి నిజమే, మార్చుకోవాల్సి వచ్చింది. కానీ నిబంధన చదివి రాయండి. పెద్ద మార్పులు ఉండకూడదన్న చోట అది పేర్లు పెట్టి చెప్పింది ఛాసిస్, బాడీ షెల్, ఇంజను. కార్బ్యురేటర్ పేరు లేదు. అదీగాక వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో మాత్రమే తీయాలి. ఫీజు 20,000 రూపాయలు. బెజవాడ గారు సిగ్నల్ దగ్గర ఆగకుండా తిరగాలని అడిగితే మీరు ఆయన్ను మ్యూజియంలో దింపుతున్నారు!

మూలరూపం
ఇంజను మీద కూర్చున్నది ఇంజనులో భాగం కాదా? తనిఖీ చేసే అధికారి ఎలా చదువుతాడో మీరు హామీ ఇస్తారా?

లేతుపని
వకీళ్లిద్దరూ కాసేపు ఆగండి. పాతఇనుము గారూ, మారుతి 800 కూడా 2000 నుంచి కార్బ్యురేటర్ వదిలి ఇంజెక్షన్‌కు మారింది. ఇవాళ మీకు స్క్రాప్‌లో దొరికే మారుతి కార్బ్యురేటర్ వయసు పాతికేళ్లు. దాని షాఫ్టు ఊగడం లేదని చూసే కొన్నారా?

ఎడిసన్‌తెలుగు
నేను న్యూజెర్సీలో ఉంటాను. నా దగ్గర 1967 బీటిల్ ఉంది, దాని కార్బ్యురేటరూ సోలెక్సే. ఎవరూ ఇథనాల్ మాట ఎత్తలేదేమిటి? ఇక్కడ మాకు 10 శాతం ఎప్పటి నుంచో ఉంది, మీకు ఇప్పుడు 20 శాతం. ఉత్త పెట్రోలు పూర్తిగా మండడానికి కిలోకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం కలిపితే లెక్క 13.5 దగ్గరికి వస్తుంది. జెట్టు మాత్రం పాతదే. అంటే దొంగగాలి లేకపోయినా మీ మిశ్రమం ఇప్పటికే పలచన. ప్లగ్గు తీసి చూడండి, కాఫీ రంగు పోయి తెల్లగా ఉంటే అదే గుర్తు. మెయిన్ జెట్టు ఒకటి రెండు అంకెలు పెద్దది వేసుకోవాలి. సోలెక్స్ జెట్టు మీది అంకె రంధ్రం కొలతే, 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. తీగ పెట్టి పొడిచే మెకానిక్‌ను దగ్గరికి రానివ్వకండి, ఇత్తడి మెత్తన. ఒక్కసారి పొడిస్తే ఆ అంకె అబద్ధమవుతుంది.

పాత డయాఫ్రమ్ రబ్బరును ఇథనాల్ ఉబ్బిస్తుంది. కిట్ కొనేటప్పుడు ఇథనాల్‌ను తట్టుకునేదేనా అని అడగండి. నెలల తరబడి బండి తీయనప్పుడు కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఖాళీ చేసి పెట్టండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది.

పాతఇనుము
ఇథనాల్ ఇద్దరికీ ఒకటే శిక్ష. అందులో సోలెక్స్ గొప్ప ఏముంది?

బెజవాడఫియట్
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం రెండు పరీక్షలు చేశాను. షాఫ్టు చివర ఊపితే చెవికి వినిపించేలా టిక్కు టిక్కుమంది. ఇంజను నడుస్తుండగా ఆ సందు మీద కార్బ్యురేటర్ క్లీనర్ స్ప్రే కొద్దిగా కొడితే వేగం ఒక్కసారిగా పెరిగింది. (పక్కన మంటలార్పే సిలిండర్ పట్టుకుని మా ఆవిడ నిలబడింది, ఆవిడ ముఖం మీరు చూడాలి.) ప్లగ్గులు నాలుగూ తెల్లగానే ఉన్నాయి. బుష్‌లు వేయించడానికి ఆటోనగర్‌లో ఇచ్చాను. జెట్టు సంగతి అది తిరిగి వచ్చాక చూస్తాను. ఆయన మూడు వారాలన్నాడు. అప్పటిదాకా బండి నడవడానికి ఇంకో సోలెక్స్ ఎక్కడైనా దొరుకుతుందా?

పాతఇనుము
నా పాతది అటక మీద బిస్కెట్ డబ్బాలో ఉంది. నూనె రాసి, గుడ్డ చుట్టి పెట్టాను. పంపిస్తాను.

మూలరూపం
ఆరేళ్లుగా నూనె రాసి దాచారా? ఎందుకు?

పాతఇనుము
అమ్మడం లేదండీ, అరువిస్తున్నాను. మూడు వారాలు దాటితే వడ్డీ.