సమస్య: ఏడు చూచి యాఱు నెగిరిపోయె

నిర్వాహకుడు (విజయనగరం): ఆటవెలది నాలుగో పాదం ఇది. పూరణ గణితంలోనే ఉండాలి. సప్తర్షులు, షట్చక్రాలు ఈసారికి వద్దు.

నాగావళి:
చంద్ర వేద నేత్ర చక్కని వసుబాణ
గిరుల గూర్చ నంకె గిరగిరమని
తిరుగు నాఱు వఱకు తెంపు లేకుండగ
ఏడు చూచి యాఱు నెగిరిపోయె

చంపావతి: గణాలు, యతులు కుదిరాయి, లెక్కే తప్పింది. భూతసంఖ్యలకు, అంటే అంకెలను మాటలతో చెప్పే పద్ధతికి (చంద్ర 1, వేద 4, నేత్ర 2, వసు 8, బాణ 5, గిరి 7), ‘అంకానాం వామతో గతిః’ కదండీ, మొదట చెప్పింది ఒకట్ల స్థానంలోకి పోతుంది. మీ వరుసకు 142857 కాదు, 758241 వస్తుంది. దాన్ని రెండుతో హెచ్చవేస్తే 1516482. ఏడంకెలయ్యాయి, పిలవని ఆరు కూడా వచ్చి కూచుంది! ‘చక్కని’ యతి కోసం దూరి సంఖ్యను రెండు ముక్కలు చేసింది. పైగా ఏడు వస్తే ఏమవుతుందో చెప్పనే లేదు, సమస్య అలాగే మిగిలింది. నా పూరణ:

స్వరశరేభనేత్ర సాగరశశిసంఖ్య
నాఱు వఱకు హెచ్చ నవియె తిరుగు
నిధులె యాఱు వచ్చి నిలువగ చోటిచ్చి
ఏడు చూచి యాఱు నెగిరిపోయె

స్వర 7, శర 5, ఇభ 8, నేత్ర 2, సాగర 4, శశి 1: కుడి నుంచి పేర్చితే 142857. రెండుతో 285714, మూడుతో 428571, ఆరుతో 857142. ఏడుతో మాత్రం 999999, నిధులంటే ఆ తొమ్మిదులే.

నాగావళి: ఎనిమిదితో మళ్లీ దిగుతాయండీ. 1142856లో ముందున్న ఒకటిని తీసి చివరి ఆరుకు కూడితే పాత సంఖ్యే.

వంశధార:
ఏడు పంచ నొకటి నేర్పడు శేషాలు
మూడు రెండు నాఱు నాలుగైదు
తిరుగు, భాజ్య మేడె తీరుగా నైనచో
ఏడు చూచి యాఱు నెగిరిపోయె

నిర్వాహకుడు: భావంలో ఇదే మేలు, అంకెలు ఎందుకు తిరుగుతాయో ఇందులో ఉంది. ఒకటిని ఏడుతో భాగిస్తే దశాంశాల్లో 142857 పదేపదే వస్తుంది; శేషాలు 1, 3, 2, 6, 4, 5, మళ్లీ 1. మూడుతో హెచ్చవేయడమంటే శేషం 3 దగ్గర మొదలుపెట్టడమే, అందుకే 428571. మొదటి ఒకటిని కలుపుకుంటేనే శేషాలు ఆరు, అది పద్యంలో ఉంది. భాజ్యం (విభాజ్యం) ఏడే అయితే ఆ ఆరూ రావు. రెండో పాదంలో మాత్రం ‘మూ’కు ‘నా’ యతి చెల్లదు. ఇలా మార్చండి:

మూడు రెండు నాఱు మొనసి నాల్గు
నైదు దిరుగు, భాజ్య మదియేడె యైనచో

మూ–మొ, ఐ–అ కుదిరాయి, ‘తీరుగా’ అనే ఊతపదమూ పోయింది.

సువర్ణముఖి: ఏడుకు బదులు 13 పెట్టొచ్చా మాస్టారూ?

నిర్వాహకుడు: 1/13లో తిరిగే 076923ను రెండుతో హెచ్చవేసి చూడండి, 153846 వస్తుంది. పన్నెండు శేషాలు ఆరేసి చొప్పున రెండు చక్రాలుగా విడిపోయాయి. 17 అయితే పదహారు శేషాలూ ఒకే చక్రం: 0588235294117647. భూతసంఖ్యలో కట్టేవారు చివర ‘గగన’ మరవకండి. ఆ సున్న జారిందా, రెండుతో హెచ్చవేసినప్పుడు వచ్చే 1176470588235294లో నడిమి సున్న ఎక్కడిదో తేలదు.