315 రైఫిల్‌కి బ్యారెల్ మార్పించాలి, ఏది వేయించమంటారు?

పర్లాకిమిడి_రైతు:
అందరికీ నమస్కారం. పంట కాపలాకి మా నాన్నగారి పేర లైసెన్స్ ఉన్న 315 రైఫిల్ ఉంది, ఇషాపూర్ తయారీ, పాతది. ఈమధ్య గురి అసలు నిలవట్లేదు, రేంజ్‌కి తీసుకెళ్లి బల్ల మీద ఆనించి కొట్టినా 50 గజాల్లోనే చేటంత మేర చెదిరి పడుతున్నాయి. టార్చి వేసి చూస్తే చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) ముందు నల్లగా గుంటలు కనపడుతున్నాయి. తెలిసినాయన ఒకరు పాత 303 బ్యారెల్ బిగించీమంటున్నారు, ఇంకొకరేమో మూతి దగ్గర రెండంగుళాలు కోసీస్తే చాలంటున్నారు. కొత్తదే వేయిస్తే పొడవెంత ఉండాలి, స్టెయిన్‌లెస్ మంచిదా, కాస్త చెప్పండి.

జయపురం_ఆర్మరర్ (రిటైర్డ్):
తమ్ముడూ, ముందు ఆ 303 మాట వదిలీ. 315 తూటా 303 కంటే లావు, సన్న గొట్టంలోకి లావు తూటా తోస్తే లోపల ప్రెషర్ ఎక్కడికి పోతాదో ఎవరూ చెప్పలేరు, బోల్ట్ (చాంబర్‌ని వెనకనుంచి మూసే కడ్డీ) వెనకాల ఉండేది నీ మొహమే. చాంబర్లూ కలవవు, మన 315 తూటా ఇత్తడి కేసు పొడవు 50 మి.మీ., 303ది 56. పైగా 303 మిలిటరీ బోర్, మామూలు లైసెన్స్ మీద ఉంచుకోనివ్వరు. కోయడం కూడా వద్దు, అందుకని విడిగా లైసెన్స్ లేకుండా గొట్టం కురచ చేస్తే 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 6 కింద కేసు.

అసలు తప్పు బ్యారెల్‌దేనా అని తేల్చుకున్నావా? తూటాలు తీసీసి, బోల్ట్ బయటికి లాగీసి, రాగి వదిలించే సాల్వెంట్‌తో బ్రష్ కొట్టు, ఆనక గుడ్డముక్క తోస్తే నీలిపచ్చగా వస్తాది, అది తూటా మీది రాగి. గుడ్డ తెల్లగా వచ్చేదాకా కొడుతూనే ఉండాలి, ఒక పూట పడతాది. తర్వాత మూతి అంచు చుట్టూ లోపల్నుంచి బయటికి దూది తిప్పి చూడు, పోగు ఎక్కడైనా పట్టుకుందంటే అక్కడ దెబ్బతిన్నట్టే, మూతి సాపు చేయిస్తే గురి తిరిగొచ్చిన రైఫిళ్లు నేను చాలా చూశాను. తుపాకీ కర్ర స్క్రూలు, సైటు వదులయ్యాయేమో కూడా చూడు, వానాకాలం కర్ర ఉబ్బి గొట్టాన్ని పక్కకి నెట్టినా ఇలాగే చెదురుతాయి.

బరంపురం_షూటర్:
గురువుగారు చెప్పింది ముందు చెయ్యండి. గుంటలు లోతుగా ఉండి, గొట్టం లోపలి మెలిక గాడుల అంచులు చాంబర్ ముందు మొద్దుబారిపోతే మాత్రం మార్చడమే, ఇంక సాగదియ్యకండి. అదే క్యాలిబర్, అదే పొడవు, అదే లావు చూసుకుంటే పాత కర్రలో కూర్చుంటాది. మన సముద్రపు గాలికి స్టెయిన్‌లెస్ తొందరగా తుప్పు పట్టదు, నిజమే, కానీ నూనె రాసుకునే అలవాటుంటే మామూలు క్రోమ్-మాలీ స్టీల్ జీవితకాలం వస్తాది. డబ్బులు ఫిట్టింగ్ మీద పెట్టండి. ఇది అంచు తూటా, అంటే అడుగున బయటికొచ్చిన అంచుండేది, హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య ఎడం) ఆ అంచు మందం మీద నిలబడుతుంది, బ్యారెల్ మారగానే గేజ్ పెట్టి చూసి బోల్ట్ హెడ్ సరిచెయ్యాలి. బిగుసుకునేసరికి ముందు సైటు నిటారుగా రావాలి, అది కూడా పనిమంతుడి చేతిలోనే కుదురుతాది. గేజ్ లేదన్న మేస్త్రీకి తుపాకీ ఇవ్వకండి.

ఆన్‌లైన్‌లో చూసి బయటిదేశం బ్యారెల్ తెప్పించొద్దు, ఆయుధం విడిభాగం కూడా చట్టంలో ఆయుధమే.

సిరోంచ_శీను:
మాది గడ్చిరోలి వైపు. రిపేర్ లైసెన్స్ ఉన్న డీలర్‌కే ఇవ్వండి, పని మొదలెట్టకముందే కలెక్టరేట్ ఆయుధాల సెక్షన్‌లో కాగితం పెట్టండి. పాత బ్యారెల్ మీద నంబర్ ఉంటే అది లైసెన్స్ బుక్‌తో ముడిపడి ఉంటాది, చెరిపినా మార్చినా సెక్షన్ 8. ఇంకోటి, తుపాకీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన అడవిపందిని కొట్టకూడదు, పంట పాడుచేస్తున్నా సరే, 1972 వన్యప్రాణి చట్టం కింద ఫారెస్ట్ వాళ్ల దగ్గర విడిగా ఆర్డర్ ఉండాలి.

పర్లాకిమిడి_రైతు:
చాలా థాంక్సండి. 303 వద్దని చెప్పీసాను. రాగి వదిలించి, మూతి చూసి, మళ్లీ రేంజ్‌లో కొట్టాకే డీలర్ దగ్గరికి వెళ్తాం. రిపేరుకి ఇచ్చినప్పుడు రసీదు మీద ఏమేం రాయించుకోవాలి?

జయపురం_ఆర్మరర్ (రిటైర్డ్):
రైఫిల్ నంబర్, క్యాలిబర్, లైసెన్స్ నంబర్, ఇచ్చిన తేదీ, ఏం పనికి ఇచ్చావో, డీలర్ సంతకం, ముద్ర. పాత బ్యారెల్ ఏం చేశారో కూడా రాయించు, అది చెత్తలో పడేసే వస్తువు కాదు.