'ఎక్స్‌పార్టీ' అన్నారు, మా తమ్ముడి పరిహారం కేసు పోయినట్టేనా?

గుత్తి నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ప్రభుత్వ తాగునీటి పథకంలో కాంట్రాక్టర్ కింద పనిచేసేవాడు. 2024 ఆగస్టులో పైప్‌లైన్ లీకేజీ సరిచేయడానికి వాల్వు గుంతలోకి దిగుతూ జారిపడ్డాడు. కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగి, రాడ్ వేశారు. అప్పుడు వాడికి 30 ఏళ్లు, జీతం నెలకు 12,000. లాయర్ గారు కార్మిక శాఖలో పరిహారం కేసు వేశారు. ఎప్పుడు అడిగినా ఒక్కో మాట చెప్తున్నారు. చాలా నెలలు "నోటీసు స్టేజ్‌లో ఉంది" అన్నారు. తర్వాత "కౌంటర్‌కి ఉంది" అన్నారు. మొన్న ఫోన్ చేస్తే లాయర్ గారి గుమాస్తా "ఎక్స్‌పార్టీ అయిందమ్మా" అని పెట్టేశాడు. కేసు కొట్టేశారేమోనని మా అమ్మ రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. వాడు ఇంకా కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. ఈ మాటలకు అర్థం తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

కర్నూలు నుంచి జవాబు:

అక్కా, ముందు అమ్మకు చెప్పండి, కేసు పోలేదు. నోటీసు అందినా అవతలివాళ్లు హాజరు కాకపోతే, వాళ్లు లేకుండానే విచారణ జరుపుతామని కేసు వినే కార్మిక శాఖ అధికారి రాసుకుంటారు. దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు. అలాగని గెలిచేసినట్టూ కాదు. మీ తమ్ముడు పనిలో ఉండగానే పడ్డాడని, జీతం ఇంత అని, కాలు ఇంత మేరకు దెబ్బతిందని మన కాగితాలతో మనం రుజువు చేయాల్సిందే. అవతలివాళ్లు మళ్లీ వచ్చి, ఎక్స్‌పార్టీ ఎత్తేయమని పిటిషన్ వేసుకునే వీలు కూడా ఉంది. కాబట్టి ఈ సమయంలో ఒక్క వాయిదా కూడా వదలొద్దు. ఎక్స్‌పార్టీ అయింది కాంట్రాక్టరా, నీటి పథకం శాఖ వాళ్లా, ఇద్దరూనా? అది కూడా కనుక్కోండి.

ఈ మాటల గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాన్న కరెంటు లైన్ల పనిలో కాంట్రాక్టు కూలీ. స్తంభం మీది నుంచి పడి నడుము పోయింది. ఆ కేసు కోసం తిరిగింది నేనే. ఏడు నెలలు "నోటీసు స్టేజ్" అనే విన్నాను. అది ఆఫీసు వాళ్ల పని, వాళ్లే చేస్తారులే అనుకుని ఊరుకున్నాను. ఒకరోజు లాయర్‌తో వెళ్లి ఫైలు చూపించమని అడిగాం. ఫైలు తెరవగానే డాకెట్ షీట్ ఉంటుంది, ప్రతి వాయిదాకూ రెండు మూడు ముక్కలు రాస్తారు. దాని వెనక గుండుసూదితో గుచ్చిన రిజిస్టర్డ్ పోస్టు కవరు ఒకటి కనిపించింది. కవరు మూల పోస్ట్‌మ్యాన్ ఎర్ర సిరాతో 'డోర్ లాక్డ్' అని రాసి, కింద మూడు తేదీలు వేశాడు. కాంట్రాక్టర్ ఆ ఇల్లు ఖాళీ చేసి ఏడాదైందట. కొత్త అడ్రస్ ఇవ్వాల్సింది మేమే. ఆఫీసు మా కోసం ఎదురు చూస్తోంది, మేమేమో ఆఫీసు కోసం ఎదురు చూస్తున్నాం. శాఖతో కాంట్రాక్టర్ చేసుకున్న అగ్రిమెంటు కాపీని సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకున్నాం. అందులో ఉన్న అడ్రస్ ఇచ్చాక రెండు వారాల్లో నోటీసు అందింది.

అప్పటి నుంచి "స్టేటస్ ఏంటి?" అని అడగడం మానేశాను. "ఇప్పుడు కదలాల్సింది ఎవరు? ఏ కాగితం కోసం ఆగింది?" అని అడిగేవాణ్ణి. మీరూ అలాగే అడగండి. ఏ స్టేజ్ పేరు చెప్పినా దాని అర్థం అక్కడే బయటపడుతుంది.

కౌంటర్ అంటే మన కేసుకు అవతలివాళ్లు రాసిచ్చే జవాబు. కౌంటర్‌కి ఉందంటే, బంతి అవతలివాళ్ల దగ్గర ఉన్నట్టు. ప్రభుత్వ శాఖ అయితే మన దరఖాస్తులోని ఒక్కో పేరాకు తమ జవాబు రాసి (పేరావారీ రిమార్కులు) ప్రభుత్వ ప్లీడర్‌కు పంపాలి, అక్కడే నెలలు గడుస్తాయి. ప్రతి వాయిదాకూ "మరో అవకాశం" అని అడుగుతుంటే, ఇంక ఇవ్వొద్దని మన లాయర్ గట్టిగా చెప్పాలి. కాంట్రాక్టర్ కూలీల పేరు మీద ఇన్సూరెన్స్ పాలసీ తీసుకున్నాడేమో కనుక్కోండి, ఉంటే ఆ కంపెనీని కూడా కేసులో చేర్చవచ్చు. డబ్బు వసూలు కావడంలో అది పెద్ద తేడా.

తర్వాత సాక్ష్యం. అంతా ఇక్కడే తేలుతుంది. మీ తమ్ముడు అఫిడవిట్ ఇస్తాడు, అవతలివాళ్లు ఉంటే క్రాస్ చేస్తారు, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తారు. అటెండెన్స్ పుస్తకం, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, ఆసుపత్రిలో ఆ రోజు రాసిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు నమోదు), డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు పెట్టాలి. గుంతలోంచి పైకి లాగినవాళ్లలో ఒక్కరైనా వచ్చి చెప్తే చాలా బలం. వాదనలు కూడా అయిపోతే 'ఆర్డర్స్ కోసం' అంటారు, అప్పుడు మనం చేయాల్సింది ఏమీ లేదు. ఎక్కడైనా 'డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్' అన్న మాట వినిపిస్తే మాత్రం అది నిజంగా ప్రమాదం. మనం హాజరు కాలేదని కేసు మూసేశారని అర్థం. తిరిగి తెరవమని నెలలోపే పిటిషన్ వేయాలి.

ఇంతకీ ఒకటి అడగడం మరిచాను. మీ తమ్ముడి జీతంలో ఈఎస్ఐ (కార్మిక బీమా) కోత ఉండేదా? ఈఎస్ఐలో ఉంటే మీరు కేసు వేసిన ఉద్యోగుల పరిహార చట్టం కింద పరిహారం రాదు, ఈఎస్ఐ నుంచే తీసుకోవాలి. ఆ విషయం చివర్లో బయటపడితే ఇన్నాళ్ల తిరుగుడంతా వృథా అవుతుంది.

గుత్తి నుంచి:

అన్నా, మీరు చెప్పాక అమ్మ ఈ పొద్దు అన్నం తిన్నది. ఈఎస్ఐ లేదన్నా, పీఎఫ్ కూడా లేదు. కాంట్రాక్టర్ జీతం ఫోన్‌పేలో వేసేవాడు, ఆ మెసేజ్‌లు ఉన్నాయి. ఎంత రావచ్చో లెక్క ఉంటుందా? కాంట్రాక్టర్ మనిషి వచ్చి, లక్ష ఇస్తాం, రాజీ కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. మాకూ అప్పులున్నాయి, టెన్షన్‌గా ఉంది.

ప్రొద్దుటూరు నుంచి:

సంతకం పెట్టొద్దు తల్లీ. చట్టం ఇచ్చిన పరిహారం హక్కును వదులుకుంటానని రాసిచ్చే ఒప్పందం చెల్లదు, కానీ ఆ కాగితాన్ని అడ్డం పెట్టి ఏళ్లు లాగుతారు. మా వీధిలో ఒక ఆడమనిషి భర్త పనిలో చనిపోతే, చేతికి కొంత డబ్బు ఇచ్చి వేలిముద్ర వేయించుకున్నారు. మరణం కేసుల్లో పరిహారాన్ని అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. ఇంటివాళ్ల చేతికి నేరుగా ఇచ్చింది పరిహారం చెల్లించినట్టు లెక్కకు రాదు. ఆమెకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. నాకు తెలిసేసరికి ప్రమాదం జరిగి రెండేళ్లు దాటిపోయింది. దరఖాస్తుకు గడువు ఆ రెండేళ్లే. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించవచ్చని చట్టంలో ఉంది, ఆమె చేత ఇప్పుడు అది వేయిస్తున్నాం.

కర్నూలు నుంచి:

ప్రొద్దుటూరు అన్న చెప్పిందే నా మాట కూడా. లెక్క చెప్తాను, లక్ష ఎంత తక్కువో మీకే తెలుస్తుంది.

శాశ్వతంగా పూర్తి వైకల్యం అయితే నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే ఒక అంకెతో గుణిస్తారు. 30 ఏళ్లకు ఆ అంకె 207.98. లెక్కకు తీసుకునే జీతం పరిమితి 2020 జనవరి నుంచి 15,000, మీది 12,000 కాబట్టి మొత్తం జీతమూ లెక్కలోకి వస్తుంది. 60 శాతం అంటే 7,200. దాన్ని 207.98తో గుణిస్తే 14,97,456. మీ తమ్ముడిది పాక్షిక వైకల్యం కాబట్టి ఇందులో కొంత శాతం వస్తుంది. సంపాదన శక్తి 30 శాతం పోయిందని తేలితే దాదాపు 4,49,000. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ, అంటే ఏటా 53,900 దాకా. తగిన కారణం లేకుండా ఎగ్గొట్టారని తేలితే జరిమానా కూడా పడుతుంది, అసలులో సగం వరకు. చికిత్సకు నిజంగా అయిన ఖర్చు వేరు, దానికి బిల్లులు కావాలి.

ఆ 30 శాతాన్ని ఎవరు తేలుస్తారన్నదే అసలు సంగతి. ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో ఉండేది శరీర వైకల్య శాతం. ఇక్కడ కావాల్సింది సంపాదన శక్తి ఎంత పోయిందన్న శాతం. రెండూ ఒకటి కావు. కుర్చీలో కూర్చుని రాసుకునేవాడికి కాలు 20 శాతం పోతే పనికి పెద్దగా అడ్డం కాదు. గుంతల్లోకి దిగి బరువైన వాల్వులు తిప్పే మనిషికి అదే 20 శాతంతో ఆ పని మొత్తం పోవచ్చు. ఆ మాట డాక్టర్ గారు రాతపూర్వకంగా ఇవ్వాలి, అవసరమైతే వచ్చి చెప్పాలి. తమ్ముడు ఏం పని చేసేవాడో డాక్టర్ గారికి వివరంగా చెప్పండి. "కూలి పని" అంటే సరిపోదు.

ఆదోని నుంచి:

అన్నా, నేను రెగ్యులర్ ఉద్యోగిని. డ్యూటీలో బండి మీద నుంచి పడి చెయ్యి విరిగింది. నేనూ ఇదే కేసు వేయాలా?

కర్నూలు నుంచి:

మీ దారి వేరు సార్. మీకు సర్వీసు నిబంధనల కింద స్పెషల్ డిసెబిలిటీ లీవ్ అడిగే వీలుంది, గరిష్ఠంగా 24 నెలలు. వైద్య ఖర్చు ఈహెచ్ఎస్ (ఉద్యోగుల ఆరోగ్య పథకం) లేదా మెడికల్ రీయింబర్స్‌మెంట్ ద్వారా వస్తుంది. మీరు మొదట చేయాల్సింది, డ్యూటీలో ఉండగానే దెబ్బ తగిలిందని మీ జీతం బిల్లు పెట్టే అధికారి, డీడీఓ గారికి వెంటనే రాతపూర్వకంగా ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోవడం. నెలలు గడిచాక ఇస్తే ఎవరూ నమ్మరు. బిల్లు 'ఆబ్జెక్షన్'తో తిరిగొచ్చిందంటే తిరస్కరించినట్టు కాదు, ఏదో కాగితం తక్కువైందని. ఆ మెమో కాపీ చేతికి తీసుకుని అదొక్కటీ పూర్తి చేసి పంపండి.

ఇంకో విషయం. 2025 నవంబర్ 21 నుంచి 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. గుత్తి అక్క తమ్ముడి ప్రమాదం అంతకు ముందుది కాబట్టి నేను పాత చట్టం ప్రకారమే చెప్తున్నాను. కొత్తగా ప్రమాదం జరిగినవాళ్లు నా అంకెలు పట్టుకుని వెళ్లొద్దు.

గుత్తి నుంచి, నాలుగు రోజుల తర్వాత:

అన్నా, ఫైలు చూశాం. ఎక్స్‌పార్టీ అయింది కాంట్రాక్టర్ ఒక్కడే. శాఖ వాళ్లు కౌంటర్ వేశారు. "ఇతను మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్ మనిషి, మాకు సంబంధం లేదు" అని రాశారు. అది చదివి తమ్ముడు చాలా బాధపడ్డాడు. మూడేళ్లు వాళ్ల నీళ్లే కదా వదిలాను అన్నాడు. వచ్చే వాయిదా మా సాక్ష్యానికి.

కర్నూలు నుంచి:

మా నాన్న కేసులోనూ అచ్చం అదే రాశారు. బాధపడొద్దని చెప్పండి, దానికి చట్టంలోనే జవాబుంది. శాఖ తన పనిని కాంట్రాక్టర్ చేత చేయించినప్పుడు, అందులో గాయపడిన మనిషికి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత శాఖ మీదా ఉంటుంది. 12వ సెక్షన్ అదే చెప్తుంది. కట్టిన డబ్బును తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవడం శాఖ పని. అంటే కాంట్రాక్టర్ దొరక్కపోయినా మీకు దారి మూసుకుపోలేదు. ఆ పథకం శాఖదే, లీకేజీ సరిచేయమన్నది శాఖ మనిషే అని చూపించే కాగితం ఏదైనా కావాలి. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ అయినా సరే.

ఆర్డర్ వచ్చాక రెండు మాటలు వినిపించవచ్చు. 'అప్పీల్' అంటే హైకోర్టుకు, గడువు 60 రోజులు. యజమాని అప్పీల్ చేయాలంటే ముందు ఆర్డర్‌లోని డబ్బును అధికారి దగ్గర డిపాజిట్ చేసి సర్టిఫికెట్ పెట్టాలి, కాబట్టి ఆ మాట వింటే డబ్బు వచ్చి కూర్చుందని తెలుసుకోండి. 'ఆర్‌ఆర్‌కు (రెవెన్యూ రికవరీకి) పంపాం' అంటే కట్టలేదు కాబట్టి భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని రెవెన్యూ వాళ్లకు రాశారని. అప్పుడు మీరు తిరగాల్సింది తహసీల్దార్ ఆఫీసుకు.

వాయిదా రోజు పది గంటలకల్లా అక్కడ ఉండండి. ఫోన్‌పే మెసేజ్‌లు ఫోన్‌లో చూపిస్తే చాలదు, బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ స్టాంపు వేయించి తీసుకెళ్లండి. ఎక్స్‌రేలు మడత పెట్టకుండా అట్ట మధ్యలో పెట్టుకుని వెళ్లండి అక్కా. మా నాన్నవి బస్సు రద్దీలో విరిగి, సరిగ్గా ఎముక దగ్గరే గీత పడింది. మళ్లీ తీయించుకు రమ్మని ఇంకో నెల వాయిదా వేశారు.