1346 నాటి ఇంగ్లిష్ నైట్ డాలు: రంగుల విషయంలో సలహా కావాలి

ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య జరిగిన క్రెసీ యుద్ధం (1346) నేపథ్యంగా ఒక కామిక్ గీస్తున్నాను. అందులో కల్పిత ఇంగ్లిష్ నైట్‌కి ఆ కాలానికి సరిపోయే వంశచిహ్నం కావాలి. నీలం డాలు మీద బంగారు ఏటవాలు పట్టీ పెడదామంటే, సరిగ్గా దానికోసమే స్క్రోప్, గ్రోవెనర్ కుటుంబాలు 1380ల్లో కోర్టుకెక్కాయి! అందుకే ఎర్ర డాలు, వెండి పట్టీ, దాని మీద మూడు నల్ల పక్షులు అనుకుంటున్నా. రంగు మీద రంగు, లోహం (అంటే బంగారు, వెండి) మీద లోహం వేయకూడదన్న నియమం ఇక్కడివరకు ఓకే.

చిక్కు ఎక్కడంటే, తండ్రి ఇంకా బతికే ఉన్నాడు. పెద్దకొడుకు కాబట్టి డాలు పైభాగాన మూడు కొసల 'లేబుల్' (కిందికి కొసలు దిగే సన్నని అడ్డపట్టీ) ఉండాలి. దాన్ని నీలంలో వేస్తే ఎరుపు మీద నీలం అవుతుంది. ఇలాంటి గుర్తులకు ఆ నియమం వర్తించేదా? లేక వెండి రంగే మేలా? పట్టీ కూడా వెండే కాబట్టి దూరం నుంచి రెండూ కలిసిపోతాయేమోనని టెన్షన్.

ఇంకోటి, ఇదే డిజైన్ నిజంగా ఎవరికైనా ఉండేదేమో చూడాలంటే ఆ కాలపు ఏ చిహ్నాల పట్టికలు వెతకాలి? సింహాలు, నినాదాలు నింపిన ఆన్‌లైన్ జనరేటర్లు మాత్రం చెప్పకండి, దండం పెడతా.