సఫైర్ గ్లాస్ వాచీకి టెంపర్డ్ వేయించాలా? (గ్రానైట్ యూనిట్లో పని)

చీమకుర్తి కుర్రాడు
అన్నలకి నమస్తే. నాది గార్మిన్ ఫీనిక్స్ 7 సఫైర్ సోలార్, 47 ఎం.ఎం. పొద్దున్నే రన్నింగ్, ఆదివారం కొత్తపట్నం బీచి, మిగతా రోజుల్లో పాలిషింగ్ యూనిట్లో డ్యూటీ. ఒంగోల్లో ఫోన్ల షాపాయన "9హెచ్ టెంపర్డ్ వేసుకో, లేకపోతే నెలకే గీతలు" అంటున్నాడు. తెలిసినవాళ్ళేమో సఫైర్‌కి ఏమీ అక్కర్లేదంటున్నారు. ఇసకా రాతిదుమ్మూ రెండూ తగిలే చేతికి ఏది కరెక్టు? వేస్తే గ్లాసా, టీపీయూ (మెత్తటి ప్లాస్టిక్) ఫిల్మా?

ట్రంకురోడ్డు వాచీలు
ముందు ఆ 9హెచ్ సంగతి తేల్చేద్దాం. అది పెన్సిల్ లెక్క. 9హెచ్ పెన్సిల్‌తో గీస్తే గీత పడలేదని దానర్థం, అంతే. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైటూ బంకమన్నూ. సఫైర్‌కి చెప్పే 9 మోస్ స్కేలుది, అంటే ఏ ఖనిజం దేన్ని గీస్తుందో చెప్పే వరస, వజ్రం 10 అయితే సఫైర్ 9. టెంపర్డ్ గ్లాసు ఈ స్కేల్లో 6 దగ్గర ఆగిపోతుంది. అంటే గట్టిదానికి మెత్తదాన్ని కాపలా పెడుతున్నారు. అంకె ఒకటే కాబట్టి అమ్మకానికి బాగా పనికొస్తుంది.

బీచి ఇసకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్ అనే ఖనిజం, అది 7. నల్లగా, ఎర్రగా కనపడే ఇసకలో గార్నెట్, జిర్కాన్ ఉన్నా ఏడున్నర దాటదు. 7కీ 9కీ తేడా రెండే కదా అనుకోవద్దు, మోస్ వరస మాత్రమే చెబుతుంది, కొలత కాదు. గట్టితనాన్ని నిజంగా కొలిచే క్నూప్ కొలతలో క్వార్ట్జ్ 820 దగ్గరుంటే సఫైర్ 2000 దగ్గరుంటుంది. ఇసకతో మీ గ్లాసు గీసుకుపోదు. అదే మోడల్లో గొరిల్లా గ్లాసుది కొన్నవాళ్ళు మాత్రం బీచికి వెళ్తే ఫిల్మ్ వేసుకోవాల్సిందే, క్వార్ట్జ్ దాన్ని గీస్తుంది.

సఫైర్‌ని గీసేవి కొన్నే: వజ్రం, సిలికాన్ కార్బైడ్, అల్యూమినియం ఆక్సైడ్. చివరిది సఫైర్ సొంత సరుకే, ఎమిరీ గరుకు కాగితంలో ఉండేది అదే. మీ ఖర్మ కొద్దీ ఈ మూడూ మీరు పనిచేసే చోటే ఉన్నాయి. యూనిట్ సంగతి తెలిసినవాళ్ళు చెబితే బాగుంటుంది.

పాలిష్ లైన్
రాయితో భయం లేదు తమ్ముడూ, రాయిని కోసే సరుకుతోనే భయం. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటాం గానీ రాతిశాస్త్రం ప్రకారం అది గాబ్రో అనే వేరే రాతి జాతి. నల్లటి దాంట్లో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఆ ఖనిజాలన్నీ మోస్‌లో అయిదున్నర, ఆరు దగ్గరే. ఉత్త రాతిపొడి సఫైర్‌ని ఏమీ చెయ్యదు.

కానీ బ్లేడు సెగ్మెంట్లలో వజ్రం, పాలిష్ రాళ్ళలో సిలికాన్ కార్బైడ్. అవి అరిగేకొద్దీ ఆ నలుసులు స్లర్రీలో, అంటే రాతిపొడి కలిసిన నీళ్ళలో, కలుస్తాయి. తడిగా ఉన్నప్పుడు వాచీ మీద చింది కారిపోతే నష్టం లేదు. అది ఎండి తెల్లటి పొరలా పట్టాక చొక్కా అంచుతో గట్టిగా తుడుస్తారు చూడండి, గీత పడేది అప్పుడే. నలుసు ఊరికే పడితే గియ్యదు, దాని మీద వేలు నొక్కుడు కావాలి. కాబట్టి ముట్టుకోకుండా ముందు కుళాయి కింద పది, పదిహేను సెకన్లు పెట్టాలి, తర్వాత తడి చేత్తో సబ్బునీళ్ళు, మళ్ళీ నీళ్ళు, ఆఖర్న మెత్తటి గుడ్డ. మైక్రోఫైబర్ గుడ్డ యూనిట్లో జేబులో పెట్టుకుని తిరిగితే అదే ఎమిరీ అవుతుంది, ఇంట్లోనే ఉంచండి.

హ్యాండ్ గ్రైండర్ డైమండ్ ప్యాడు గానీ, నల్లటి వాటర్ పేపర్ గానీ ఒక్కసారి రాసుకున్నా చాలు, సఫైర్ అయినా గీత పడుతుంది. ఇనుము కోసే చక్రాల్లో మామూలుగా ఉండేది అల్యూమినియం ఆక్సైడే, దాని నిప్పురవ్వల ముందు చెయ్యి పెట్టొద్దు.

ఇవన్నీ అటుంచి, తిరిగే మిషను దగ్గర వాచీ పట్టీ పెట్టుకోవడమే తప్పు. పట్టుకుంటే గ్లాసు కాదు, చెయ్యి పోతుంది. డ్యూటీ ఎక్కేముందు తీసి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. డబ్బా లోపల కూడా దుమ్ము లేకుండా చూసుకోవాలి.

మైపాడు కెరటం
డ్యూటీలో తీసేస్తే మిగిలేవి పరుగూ బీచే, ఆ రెంటికీ ఏమీ అక్కర్లేదని నా ఓటు. ఇంకో సంగతి, మీది సోలార్ మోడల్. పైన ఏది అతికించినా వెలుగు కొంత తగ్గుతుంది, అంచు నల్లగా ఉండే ఫుల్ కవర్ గ్లాసు వేస్తే డిస్‌ప్లే చుట్టూ ఉండే సోలార్ రింగు మూసుకుపోతుంది. ఆ నల్ల అంచుది మాత్రం వద్దే వద్దు.

ఎండలో మెరుపు గురించి కూడా. పూత లేని సఫైర్ ఒక్కో ముఖం నుంచి 7, 8 శాతం వెలుగు వెనక్కి కొడుతుంది, మామూలు గ్లాసు 4 శాతం. అందుకని గ్లాసు మొత్తం జిగురుతో అతికితే మెరుపు కాస్త తగ్గినా తగ్గచ్చు, మీ వాచీకి మెరుపు తగ్గించే పూత ఉంటే మాత్రం లాభం లేదు. అంచుకే జిగురుండే చవక గ్లాసులైతే మధ్యలో గాలి మిగిలి ఇంకో రెండు ముఖాలు చేరతాయి. పొద్దున ఏడింటికి సముద్రం వైపు తిరిగి పరిగెడుతుంటే పేస్ అంకె కనపడదు.

రొయ్యల చెరువు
ఫిల్మ్ వేసి చెరువు గట్ల మీద తిరిగేవాళ్ళకి ఒక మాట. ఉప్పునీళ్ళు ఫిల్మ్ అంచు కిందికి దూరి ఎండితే చుట్టూ తెల్లటి వలయం కడుతుంది, దాంట్లో ఇసక ఇరుక్కుంటుంది. వారానికోసారి మంచినీళ్ళలో అయిదు నిమిషాలు నానబెట్టాలి. అంచు లేచిందంటే వెంటనే పీకెయ్యాలి, నొక్కి సరిపెట్టొద్దు.

చీమకుర్తి కుర్రాడు
థాంక్స్ అన్నలూ. ఒక చిక్కు. ఇప్పటికే అడ్డంగా ఒక బూడిదరంగు గీత ఉంది, గోటికి తగలట్లేదు. పోయినట్టేనా? ఇంకోటి, ఎప్పుడైనా తియ్యడం కుదరని రోజుకి ఏది వెయ్యాలి?

ట్రంకురోడ్డు వాచీలు
గోటికి తగలకపోతే చాలాసార్లు అది గీత కాదు, లోహం మరక. స్టీలు సఫైర్ కన్నా మెత్తన కాబట్టి రాసుకున్నప్పుడు అరిగేది స్టీలే, దాని పొడి గ్లాసుకి పట్టుకుంటుంది. వాచీ బాగా కడిగి ఆరబెట్టి, తెల్లటి పెన్సిల్ రబ్బరుతో ఒక నిమిషం మెల్లగా రుద్దండి. గరుకుగా ఉండే నీలం ఇంకు రబ్బరు వాడొద్దు, పైన పూత ఉంటే లేచిపోతుంది. పోకపోతే అది పూత మీద గీత కావచ్చు, చూపుకి అడ్డం లేకపోతే వదిలెయ్యండి. పాలిష్ చేయిస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. సిరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడి మామూలు గ్లాసుకి పనిచేస్తుంది గానీ సఫైర్ మీద ఆనదు, డైమండ్ పేస్టే కావాలి, దాంతో ఉన్న పూత కూడా పోతుంది.

సఫైర్ బలహీనత గీత కాదు, దెబ్బ. గట్టిదే గానీ పెళుసు. రాతి పలక అంచుకి కొట్టుకుంటే పగలచ్చు, 0.3 ఎం.ఎం. టెంపర్డ్ ఆ దెబ్బని పెద్దగా ఆపదు. పగిలితే గ్లాసొక్కటే మార్చడం ఇక్కడ ఎవరి వల్లా కాదు, కింద డిస్‌ప్లేతో కలిపి అతికి ఉంటుంది. దెబ్బ భయం ఉన్నవాళ్ళు గ్లాసు కన్నా అర మిల్లీమీటరు ఎత్తు లేచే సిలికాన్ బంపర్ వేసుకోవడం మేలు. దాన్ని కూడా వారానికోసారి తీసి కడగాలి, లోపల చేరిన దుమ్ము టైటానియం బెజెల్‌ని (గ్లాసు చుట్టూ ఉండే అంచు చట్రాన్ని) అరగదీస్తుంది. మీ వాచీలో ముందు గీతలు పడేది ఎటూ ఆ బెజెల్‌కే.

తియ్యడం కుదరని రోజుకి టీపీయూ ఫిల్మ్ చాలు, గీతలు అది తింటుంది, పాడైతే పారేస్తాం. కొనేముందు వెర్నియర్‌తో బెజెల్ లోపలి వ్యాసం కొలవండి, ఫిల్మ్ దానికన్నా అర నుంచి ఒక మిల్లీమీటరు చిన్నదుండాలి. సమానంగా ఉంటే అంచు బెజెల్ మీదికెక్కి రెండ్రోజుల్లో లేస్తుంది. వేడినీళ్ళ ఆవిరి పట్టిన బాత్రూంలో, ఫ్యాన్ లేకుండా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గ్లాసు తుడిచి, నీళ్ళలో ఒక్క చుక్క బేబీ షాంపూ కలిపి చల్లి, ఫిల్మ్ పెట్టి మధ్యలోంచి బయటికి నీళ్ళు నెట్టండి. చిన్న బుడగలు ఒక రోజులో వాటంతటవే పోతాయి. ఆ రోజంతా చేతికి పెట్టుకోవద్దు.

చీమకుర్తి కుర్రాడు
రబ్బరుతో రుద్దితే గీత సగానికి పైగా పోయిందన్నా. డబ్బా కొన్నాను, టెంపర్డ్ కొనలేదు.