పేద పిల్లల కోసం కేటాయించే ప్రభుత్వ సొమ్ము బడికి చేరాలా, ఇంటికి చేరాలా?

సందేహి:
రోజుకు 2.15 డాలర్ల కన్నా తక్కువతో గడిచే ఇళ్లలో 33.3 కోట్ల మంది పిల్లలు ఉన్నారని యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2023లో అంచనా వేశాయి. ఈ పిల్లల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఐదేళ్లలోపు చదువు మీద పెట్టుబడి పెట్టాలన్న సలహా వినిపిస్తుంది. నాకు అది చుట్టుదారిగా తోస్తుంది. పేదరికం అంటే ముందుగా ఇంట్లో డబ్బు లేకపోవడం. అమెరికా 2021లో పిల్లల పన్ను రాయితీని ఆరేళ్లలోపు బిడ్డకు ఏడాదికి 3,600 డాలర్ల వరకు పెంచి, అందులో సగాన్ని నెలనెలా తల్లిదండ్రుల ఖాతాల్లో వేసింది. సాయాలను కూడా లెక్కలోకి తీసుకునే కొలమానం ప్రకారం ఆ ఏడాది అక్కడి బాలల పేదరికం 5.2 శాతానికి దిగింది. పెంపు ఆగిపోయిన 2022లో 12.4 శాతానికి ఎగబాకింది. ఒక్క ఏడాదిలో ఇంత మార్పు తెచ్చిన ప్రీస్కూల్ ఎక్కడైనా ఉందా?

పలక:
లేదు, ఉండదు కూడా. నాలుగేళ్ల పిల్లకు ఈ ఏడాది చెప్పిన చదువు ఈ ఏడాది ఇంటి ఆదాయాన్ని పెంచదు కదా. 2021లో కరోనా సాయాలు మరికొన్ని కూడా అందాయి కాబట్టి ఘనత మొత్తం పన్ను రాయితీదే అనలేము, అయినా మీ వాదనలోని ప్రధానాంశాన్ని నేను కాదనను. నేను అడిగేది వేరు: ఆ బిడ్డ పెద్దయ్యాక మళ్లీ అదే సాయం కోసం చేయి చాచకుండా ఉండాలంటే ఏం చేయాలి?

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటీ పట్టణంలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో 123 మంది పేద నల్లజాతి పిల్లలను రెండు జట్లు చేసి, 58 మందికి మాత్రమే ప్రీస్కూల్ చదువు అందించారు. రోజూ ఉదయం రెండున్నర గంటల తరగతి, సుమారు ఆరుగురు పిల్లలకు ఒక టీచరు, వారానికోసారి టీచరే ఇంటికి వెళ్లి తల్లితో కూర్చోవడం. అక్కడ రూపుదిద్దుకున్న బోధనా పద్ధతి చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది: ఈ పూట ఏం చేయబోతున్నావో బిడ్డ ముందుగా చెప్పాలి, చేయాలి, చేశాక ఏమైందో మళ్లీ చెప్పాలి. దిమ్మెలతో వంతెన కడతానన్న పిల్లవాడు అది కూలిపోతే ఎందుకు కూలిందో తన మాటల్లో చెప్పేదాకా టీచరు ఓపికగా వింటుంది. తెలివితేటల పరీక్షల్లో ఈ పిల్లలు సాధించిన ఆధిక్యం కొన్నేళ్లకే కరిగిపోయింది. అయితే 40 ఏళ్ల వయసులో చూస్తే, రెండో జట్టు కన్నా వీరి సంపాదన ఎక్కువగా, అరెస్టులు తక్కువగా ఉన్నాయి. ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు ఆ ఖర్చు మీద సమాజానికి ఏటా 7 నుంచి 10 శాతం రాబడి వచ్చిందని లెక్కగట్టారు.

లెక్కల మాస్టారు:
ఆ 58 మందిని ఇంకెన్నాళ్లు మోస్తారండీ? ప్రభుత్వం నడపాల్సింది ఒక గదిని కాదు, వేల గదులను. అమెరికాలోనే టెనెసీ రాష్ట్రం నడిపిన ప్రీస్కూళ్లలో సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైన చోట లాటరీ తీయడం వల్ల, సీటు దొరికినవారిని, దొరకనివారిని పోల్చి చూసే వీలు పరిశోధకులకు కలిగింది. సుమారు మూడు వేల మంది పేద పిల్లల మీద సాగిన ఆ అధ్యయనం ఆరో తరగతి ఫలితాలు 2022లో వెలువడ్డాయి. సీటు దొరికిన పిల్లలే మార్కుల్లో వెనకబడ్డారు, క్రమశిక్షణ చర్యలు కూడా వారి మీదే ఎక్కువ. సీటు ఇవ్వడం చదువు ఇవ్వడంతో సమానమని బడ్జెట్ రాసేవారు అనుకున్నంత కాలం ఇలాగే ఉంటుంది.

పలక:
మాస్టారు గారూ, టెనెసీ ఫలితం నాకూ మింగుడు పడలేదు, దాన్ని దాటవేయను. కానీ అది ఖర్చు మానుకోమని చెబుతోందా, ఖర్చు ఎక్కడ పెట్టాలో చూసుకోమని చెబుతోందా? జమైకాలో 1986–87లో ఎదుగుదల తగ్గిన 129 మంది పసివాళ్లతో మొదలైన ప్రయోగంలో అసలు తరగతి గదే లేదు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్త వారానికో గంట చొప్పున రెండేళ్లు వెళ్లింది. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మను తీసి తల్లి చేతికి ఇచ్చి, బిడ్డతో ఆడించేది. వెళ్లేటప్పుడు బొమ్మను అక్కడే వదిలి, మరుసటి వారం వేరొకటి తెచ్చేది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, ఈ సందర్శనలు అందనివారి కన్నా 25 శాతం ఎక్కువగా తేలింది. పోషకాహారం మాత్రమే అందిన పిల్లల్లో అంత కాలం నిలిచిన లాభం కనబడలేదు. తమిళనాడు అంగన్‌వాడీల్లో జరిగిన అధ్యయనమూ ఇటే చూపుతుంది: కేంద్రానికి సగం పూట పనిచేసే మరో కార్యకర్తను ఇస్తే బోధన సమయం రెట్టింపైంది, చదువు మెరుగుపడింది, ఎదుగుదల లోపం కూడా తగ్గింది. పెర్రీలోనూ, ఇక్కడా పని చేసింది భవనం కాదు, బిడ్డకు ఎదురుగా కూర్చునే తీరిక ఉన్న పెద్దమనిషి.

సందేహి:
నాకు ఎదురు తగిలే ఫలితాన్ని నేనే చెబుతాను. అమెరికాలో వెయ్యి మంది పేద తల్లుల్లో కొందరికి నెలకు 333 డాలర్లు, మిగిలినవారికి 20 డాలర్లు ఇస్తూ వచ్చిన ప్రయోగంలో, పిల్లలకు నాలుగేళ్లు నిండేసరికి భాషలోగానీ, ఆలోచనా సామర్థ్యంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. డబ్బు ఒక్కటే బుర్రను పెంచుతుందని ఇక వాదించను. కానీ బిడ్డ కడుపు నిండటానికి ఆ బిడ్డ పరీక్షలో నెగ్గాలన్న షరతు ఎందుకు? నగదు సాయం ఈ రోజు ఆకలికి జవాబు, దాన్ని రాబడి శాతంతో తూచడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

లెక్కల మాస్టారు:
అందులో మీతో ఏకీభవిస్తాను. ప్రీస్కూల్ విషయంలో మాత్రం ఈసారి బడ్జెట్ వచ్చినప్పుడు కొత్తగా ఎన్ని కేంద్రాలు తెరిచారన్న వాక్యం దాటి, ఒక్కో కార్యకర్తకు ఎంతమంది పిల్లలు, ఆమెకు జీతం ఎంత, రిజిస్టర్లు నింపడానికి ఆమె రోజులో ఎన్ని గంటలు పోతున్నాయి అన్న మూడు అంకెలు చూపించండి. అవి సరిగా ఉంటే నా ఓటు పలక గారికే.