నీళ్ళు నిలిచిన పత్తికి యూరియా ఎందుకు పట్టదు?

రేగడిబిడ్డ:
మాది ప్రత్తిపాడు వైపు, నల్లరేగడి, మూడెకరాల పత్తి. పోయిన వారం ముసురు పట్టి నాలుగు రోజులు సాళ్ళలో నీళ్ళు తీయలేదు. కింది ఆకులు పసుపు తిరిగాయి, గూడ (పూమొగ్గ) రాలుతోంది. నాన్న ఆగలేక ఆ బురదలోనే రెండు కట్టల యూరియా చల్లించాడు. ఇవాళ్టికి ఆరో రోజు, చెట్టు అలాగే వేలాడుతోంది. మందు నీళ్ళలో కరిగింది, వేరు ఆ నీళ్ళలోనే ఉంది, తాగేయాలి కదా? నాన్న మాత్రం "మందు కల్తీ" అని ఒకటే గొడవ.

కొత్తదుక్కి:
ఇంకో కట్ట వేయండి బ్రదర్, పచ్చబడుద్ది.

వేరుపురుగు:
ఇంకో కట్ట వద్దండీ బాబూ! కల్తీ ఉందో లేదో నేను చెప్పలేను గానీ, మంచి మందైనా ఇప్పుడు ఇలాగే ఉంటుంది.

యూరియా ముందు అమ్మోనియం అవ్వాలి, దాన్ని నేలలోని బాక్టీరియా నైట్రేట్‌గా మార్చాలి. ఆ బాక్టీరియాకు గాలి కావాలి. మీ చేలో గాలి లేదు. ముందే తయారై ఉన్న నైట్రేట్‌నేమో, గాలి లేనిచోట బతికే ఇంకో రకం బాక్టీరియా నైట్రోజన్ వాయువుగా మార్చి పైకి వదిలేస్తుంది. మీ రెండు కట్టల్లో ఉన్నది సుమారు 41 కిలోల నత్రజని. అందులో ఎంత చెట్టుకు దక్కుతుందో ఆ నేలకే తెలియాలి.

సరే, నైట్రేట్ వేరు దాకా వచ్చిందనుకుందాం. నీటితో పాటు కొట్టుకొస్తుంది, అదేం కష్టం కాదు. కష్టమంతా గడప దగ్గరే. వేరు కణం లోపలివైపు 100 నుంచి 200 మిల్లీవోల్టుల రుణావేశం ఉంటుంది. నైట్రేట్‌దీ రుణావేశమే, కాబట్టి బయటికే నెట్టేస్తుంది. అందుకని చెట్టు ఏటీపీ (కణం ఖర్చుపెట్టుకునే శక్తి సరుకు) ఖర్చుపెట్టి ముందు ప్రోటాన్లను (ధనావేశమున్న హైడ్రోజన్ కణాలను) బయటికి తోడుతుంది. అవి తిరిగి లోపలికి జారేటప్పుడు, పొరలో ఉండే వాహక ప్రోటీన్ వాటితో పాటు నైట్రేట్‌ను లాక్కొస్తుంది. ఒక నైట్రేట్‌కు రెండు ప్రోటాన్లు. ఈ వాహకాల్లో ఎన్ఆర్‌టీ1.1 అనేదాన్ని 1993లో అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పట్టుకున్నారు. పట్టుకున్న తీరు భలే ఉంటుంది: నైట్రేట్‌లా కనిపించే క్లోరేట్ పెడితే మామూలు మొక్కలు అదీ నైట్రేటే అనుకుని మింగి చచ్చాయి, వాహకం చెడిన మొక్క మింగలేక బతికింది.

ఏటీపీ కావాలంటే వేరు ఊపిరి తీసుకోవాలి. ఆక్సిజన్ నీళ్ళలో పాకే వేగం గాలిలోకంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. ఎమ్మెస్సీలో నేను సీసాల్లో మొక్కలు పెంచేవాణ్ణి, చేపల తొట్టికి పెట్టే గాలి పంపుతో. వేరు నైట్రేట్ తీసుకుంటుంటే ప్రోటాన్లూ దాంతో పాటే లోపలికి పోయి, ద్రావణం పీహెచ్ (ఆమ్లగుణం తగ్గేకొద్దీ పెరిగే కొలత) రోజూ కాస్త పైకి పాకేది. ఒక రాత్రి కరెంటు పోయింది. పొద్దున చూస్తే పీహెచ్ పెరగనే లేదు, నైట్రేటూ తగ్గలేదు. మా గైడు తిట్టాడు గానీ నాకు మాత్రం పాఠం ఆ రాత్రే బుర్రకెక్కింది.

ముందు కాలవ తీసి నీళ్ళు బయటికి పంపండి. ఆకు మీద 13-0-45 (పొటాషియం నైట్రేట్), లీటరుకు 10 గ్రాములు పిచికారీ చేయండి. చెట్టు మొత్తానికి అది చాలదు, వేరు తేరుకునేదాకా ఊతం, అంతే. పదును రాగానే గుంటక తోలండి. పైపాటు ఎరువు ఆ తర్వాతే.

రేగడిబిడ్డ:
అయితే మా పక్క మాగాణిలో వరి? మూడు నెలలు నీళ్ళలోనే ఉంటుంది, దానికేం కాదే?

వేరుపురుగు:
దాని కాండంలోంచి వేరు కొస దాకా గాలి గదులుంటాయి, ఊపిరి పైనుంచే దిగుతుంది. పైగా అది ఎక్కువగా తీసుకునేది అమ్మోనియం. దానిది ధనావేశం, కణంలోని రుణావేశమే లోపలికి లాగుతుంది. పత్తికి ఆ గాలి గదుల వైభోగం లేదు.

రేగడిబిడ్డ:
సాయంత్రం కాలవ తీశాం. నాన్నకి ఇదంతా చదివి వినిపించా. "మరి కరెంటు లేనప్పుడు మోటరు మీద కోప్పడ్డానంటావా" అన్నాడు. ఇప్పుడు స్ప్రేయరు కడుగుతున్నాడు. కొట్టు ఓనరు మీద అనుమానం మాత్రం ఇంకా పోలేదు.